నిండిన బ్యాటరీకి చలి భయం లేదు

ఏప్రిల్ మొదటి వారం. మినియాపొలిస్‌లో రోడ్డు వారన మిగిలిన ఆఖరి మంచు కుప్పలు మట్టిరంగు తిరిగి కరుగుతున్నాయి. ఐదు నెలలుగా ఇంటి వెనక షెడ్డులో కవరు కప్పుకుని నిలబడ్డ బండిని బయటికి లాగి తాళం తిప్పాను. డ్యాష్ మీద లైట్లు ఒకసారి వెలిగి మసకబారాయి. సెల్ఫ్ నొక్కితే సీటు కింద నుంచి టకటకమని రిలే చప్పుడు వచ్చింది తప్ప ఇంజన్ కదల్లేదు. మల్టీమీటర్ పెట్టి చూస్తే 10.4 వోల్టులు. నవంబరు మొదట్లో లోపల పెట్టినప్పుడు ఆ బండి ఒక్క నొక్కుకే స్టార్టయింది. బ్యాటరీకి ఇంకా రెండేళ్లు కూడా నిండలేదు.

ఆ రాత్రి గుంటూరుకు ఫోన్ చేసినప్పుడు ఈ మాట చెబితే మా బావమరిది, ‘మీ ఊరి చలికి ఇనుమే పగులుద్ది బావా, బ్యాటరీ ఏం నిలబడుద్ది?’ అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. మర్నాడు బ్యాటరీ బయటికి తీసి వాకిట్లో పెట్టాక పక్కింటి పెద్దాయన వచ్చి దాన్ని చేత్తో తడిమి చూశాడు. ముప్పై ఏళ్లుగా అక్కడ బండ్లు నడుపుతున్న మనిషి. పెట్టె ఒక పక్క అరచేతి మందాన ఉబ్బి ఉంది. ‘దీన్ని ఛార్జింగ్ పెట్టకు. లోపల గడ్డకట్టి ప్లేట్లు వంగిపోయాయి. చలి వల్ల కాదు, ఖాళీ అయిపోయి ఉంది కాబట్టి గడ్డకట్టింది. నిండుగా ఉంటే ఇదే షెడ్డులో ఇదే చలికి దానికి ఏమీ అయ్యేది కాదు’ అన్నాడు.

బ్యాటరీ సంగతి నాకు అర్థం కావడం ఆ మాట దగ్గరే మొదలైంది. మిన్నెసోటా, మిషిగన్, కెనడా, ఉత్తర ఐరోపా లాంటి చోట్ల బండి నడిపేది ఏడాదికి ఆరేడు నెలలే. మిగిలిన కాలమంతా రోడ్ల మీద మంచు, ఆ మంచు కరగడానికి చల్లిన ఉప్పు. అందుకని బండిని లోపల పెట్టేస్తారు. ఈ నిద్ర కాలంలో టైర్లకూ ట్యాంకుకూ చేయవలసినవి కొన్ని ఉన్నాయి గానీ, వసంతంలో ఎక్కువమందిని ఏడిపించేది బ్యాటరీయే. అది ఎందుకు చచ్చిపోతుందో తెలిస్తే ఏం చేయాలో ఎవరూ చెప్పనక్కర్లేదు.

మన బండ్లలో ఎక్కువగా ఉండేది సీసం బ్యాటరీ. 1859లో గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త తయారుచేసిన దానికి వారసురాలే ఇది. ఇన్నేళ్లలో పెట్టె మారింది, ప్లేట్ల తయారీ మారింది, లోపలి రసాయనం మాత్రం అదే. పెట్టెలో ఆరు గదులు. ఒక్కో గది 2.1 వోల్టులు ఇస్తుంది, ఆరూ కలిస్తే 12.6. ప్రతి గదిలోనూ రెండు రకాల ప్లేట్లు ఉంటాయి. ఒకటి మామూలు సీసం. రెండోది సీసం ఆక్సైడు, ముదురు గోధుమరంగులో ఉంటుంది. వాటి మధ్య నీళ్లు కలిపిన గంధకామ్లం, మనం యాసిడ్ అనేది. కరెంటు వాడుకుంటున్న కొద్దీ యాసిడ్‌లోని గంధకం భాగం వెళ్లి రెండు ప్లేట్లకూ అంటుకుంటుంది. ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ అనే తెల్లటి పొర ఏర్పడుతుంది. యాసిడ్ పలచబడి నీళ్లలా తయారవుతుంది. ఛార్జింగ్ పెడితే ఇదంతా వెనక్కి నడుస్తుంది. పొర కరుగుతుంది, యాసిడ్ మళ్లీ చిక్కబడుతుంది.

ఇక్కడ రెండు విషయాలు పట్టుకోవాలి. మొదటిది ఆ తెల్లటి పొర. అప్పుడే ఏర్పడిన పొర మెత్తగా, పొడిలా ఉంటుంది. ఛార్జింగ్ తగిలితే ఇట్టే కరిగిపోతుంది. అలాగే వారాల తరబడి వదిలేస్తే సన్నటి రేణువులు ఒకదాన్నొకటి కలుపుకుంటూ పెద్ద స్ఫటికాలవుతాయి. పంచదార పాకంలో దారం వేలాడదీసి కదిలించకుండా వదిలేస్తే పటికబెల్లం గడ్డలు పెరుగుతాయే, అలాగన్న మాట. గట్టిపడిన ఆ గడ్డలను మామూలు ఛార్జింగ్ కరిగించలేదు. ప్లేటు మీద అవి ఎంత మేర ఆక్రమిస్తే అంత మేర బ్యాటరీ పనికిరాకుండా పోయినట్టే. మెకానిక్కులు బ్యాటరీకి ‘సల్ఫేషన్ పట్టింది’ అనేది దీన్నే. ఇది ఖాళీ అయ్యాక మొదలయ్యే జబ్బు కాదు. సగం దిగిన బ్యాటరీలో కూడా సగం మేర జరుగుతూనే ఉంటుంది. అందుకే వాడకుండా ఉంచే బ్యాటరీ ఎప్పుడూ నిండుగా ఉండాలి.

రెండోది యాసిడ్ చిక్కదనం. నీళ్లు సున్నా దగ్గర గడ్డకడతాయి. చిక్కటి యాసిడ్ అలా కాదు. పూర్తిగా నిండిన బ్యాటరీలోని యాసిడ్ గడ్డకట్టాలంటే సున్నాకు దిగువన 50 డిగ్రీలు దాటాలి. సగం దిగిన బ్యాటరీ అయితే సుమారు మైనస్ 25 దగ్గరే గడ్డకడుతుంది. పూర్తిగా దిగిపోయినదానికి మైనస్ 10 చాలు. 2019 జనవరి 30న మినియాపొలిస్‌లో ఉష్ణోగ్రత మైనస్ 33కు పడిపోయింది. ఆ రాత్రి బయట నిలబెట్టిన బండిలో నిండు బ్యాటరీ ఉంటే తెల్లారేసరికి దానికి ఏమీ అయ్యుండదు. సగం బ్యాటరీ మాత్రం మంచుగడ్డ అయ్యుంటుంది. నీరు గడ్డకట్టేటప్పుడు వ్యాకోచిస్తుంది కాబట్టి ప్లేట్లు వంగుతాయి, గదుల మధ్య గోడలు చిట్లుతాయి, పెట్టె ఉబ్బుతుంది. నా బ్యాటరీకి జరిగింది అదే. ఇలా గడ్డకట్టిన బ్యాటరీకి ఛార్జర్ తగిలించడం ప్రమాదం. లోపల పుట్టే వాయువుకు దారి దొరక్క పగలవచ్చు. ఉబ్బినా, పగులు కనిపించినా దాన్ని మళ్లీ వాడాలన్న ఆలోచన వదిలేసి బ్యాటరీ షాపులో ఇచ్చేయాలి.

మరి చలి పొద్దున సెల్ఫ్ సరిగా తిరగకపోవడం అందరూ చూసిందే కదా అంటారు. నిజమే. చలిలో రసాయన చర్య మందగిస్తుంది, బ్యాటరీ ఒక్కసారిగా ఇవ్వగల ఊపు తగ్గుతుంది. మైనస్ 18 దగ్గర అది మామూలుగా ఇచ్చే ఊపులో సుమారు సగమే ఇస్తుంది. పైగా ఇంజన్ ఆయిల్ పేరిన నెయ్యిలా బిగుసుకుని సెల్ఫ్ మోటారుకు బరువు పెంచుతుంది. కానీ ఇది తాత్కాలికం. అదే బ్యాటరీని లోపలికి తెచ్చి గది వేడికి రానిస్తే పోయిన ఊపు తిరిగొస్తుంది. వాడేటప్పుడు కనిపించే ఈ నీరసాన్ని చూసి, ఊరికే ఉంచినా చలి బ్యాటరీని తినేస్తుందని అనుకోవడం దగ్గరే పొరపాటంతా ఉంది. నిలవ ఉంచడానికి చలి మంచిదే.

ఎలాగంటే, ఏ వైరూ తగిలించకుండా అల్మారాలో పెట్టినా సీసం బ్యాటరీ తనంతట తాను కొద్దికొద్దిగా దిగిపోతుంది. పాతిక డిగ్రీల గది వేడిలో మంచి సీల్డ్ బ్యాటరీ నెలకు మూడు శాతం దాకా పోగొట్టుకుంటుంది. యాసిడ్ పోసే పాత రకమైతే అంతకంటే ఎక్కువ. వేడి పది డిగ్రీలు పెరిగితే ఈ కారడం సుమారు రెట్టింపవుతుంది, పది తగ్గితే సగమవుతుంది. ఐదు డిగ్రీల చల్లటి గదిలో నాలుగో వంతుకు వస్తుంది. గడ్డకట్టే చలిలో లెక్కలోకి రానంత తక్కువ. అంటే నిండా ఛార్జి చేసి, వైర్లు ఊడదీసి, చల్లటి చోట పెట్టిన బ్యాటరీ ఐదు నెలల తరవాత కూడా కాస్త మాత్రమే దిగి ఉంటుంది.

అలాంటప్పుడు నా బ్యాటరీని ఖాళీ చేసింది ఎవరు? బండే. తాళం తీసేసినా ఈ కాలం బండ్లు పూర్తిగా నిద్రపోవు. గడియారం నడవాలి, ఇంజన్ కంప్యూటరు కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి, దొంగల అలారం ఉంటే అది కాపలా కాయాలి, జీపీఎస్ ట్రాకర్ పెట్టుకుంటే అదీ తాగుతుంది. నేను ఆ బండి కొన్నప్పటికే దాని పాత యజమాని అలారం బిగించి ఉన్నాడు. డ్యాష్ పక్కన ఎర్రటి చుక్క దీపం ఒకటి రెండు సెకన్లకోసారి మిణుక్కుమనేది. అది చూస్తే ధైర్యంగా ఉండేది నాకు. తరవాత కొలిస్తే, తాళం తీసేసిన బండి మొత్తం 12 మిల్లీఆంపియర్లు లాగుతోంది. వినడానికి ఏమీ కాదనిపిస్తుంది. 24 గంటలతో గుణిస్తే రోజుకు 288 మిల్లీఆంపియర్ అవర్లు. ఆ బ్యాటరీ 12 ఆంపియర్ అవర్లది. నలభై రెండు రోజుల్లో అయిపోతుంది. నవంబరు మొదట్లో పెట్టిన బండి డిసెంబరు నడిమికల్లా ఖాళీ. జనవరి చలి వచ్చేటప్పటికి లోపల ఉన్నది దాదాపు నీళ్లే. ఆ కాగితం మీది లెక్క చూసుకున్నాక చలిని తిట్టడం మానేశాను.

మీ బండి ఎంత లాగుతోందో మీరే చూసుకోవచ్చు. తాళం తీసేసి, బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీసి, ఆ వైరుకూ టెర్మినల్‌కూ మధ్య మల్టీమీటర్‌ను పది ఆంపియర్ల స్థానంలో ఉంచి తగిలించాలి. రీడింగు మరీ తక్కువగా ఉంటే అప్పుడు మిల్లీఆంపియర్లకు మార్చాలి. మీటర్ తగిలి ఉండగా తాళం తిప్పడం గానీ సెల్ఫ్ నొక్కడం గానీ చేస్తే లోపలి ఫ్యూజు పోతుంది. ఒకటి రెండు మిల్లీఆంపియర్లు వస్తే బాధ లేదు. ఒక మిల్లీఆంపియరు నెలకు ముప్పావు ఆంపియర్ అవర్ కూడా తీసుకోదు. ఐదు వస్తే నెలకు 3.6. అది 12 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి దాదాపు మూడో వంతు. అదే మన ఊళ్లలో తిరిగే చిన్న బండ్లలో 3 నుంచి 5 ఆంపియర్ అవర్ల బ్యాటరీలు ఉంటాయి. వాటికి ఆ ఐదు మిల్లీఆంపియర్లే ప్రాణం మీదికి తెస్తాయి.

ఈ లెక్క వేసుకున్నాకే నాకు గుంటూరులో వదిలి వచ్చిన పాత బండి గుర్తొచ్చింది. అది ఇంటి వరండాలో ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆ వరండాలో మధ్యాహ్నం నలభై దాటుతుంది, రాత్రి కూడా ముప్పైకి దగ్గరగానే ఉంటుంది. మినియాపొలిస్ షెడ్డులోని బ్యాటరీ తనంతట తాను పోగొట్టుకునేదానికి ఎన్నో రెట్లు గుంటూరు బ్యాటరీ ఎండాకాలంలో పోగొట్టుకుంటుంది. పైగా వేడికి ప్లేట్లు లోపల త్వరగా తుప్పు పడతాయి. వాడని బండికి చలికాలం కష్టమని మేము భయపడుతుంటాం గానీ, ఊరికే నిలబెట్టిన బ్యాటరీకి మన ఎండాకాలమే ఎక్కువ కష్టం. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక అందరి బండ్లూ ఆ ఎండల్లోనే వారాల తరబడి కదలకుండా ఉండిపోయాయి. తిరిగి తీసినప్పుడు సెల్ఫ్ పడని బండి ఎన్ని ఇళ్లలో ఉందో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

ఇక చాలామంది నమ్మే వైద్యం ఒకటుంది. వారానికోసారి వెళ్లి బండి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచి ఆపేయడం. మా బావమరిది కూడా గుంటూరులోని నా బండికి శ్రద్ధగా అదే చేసేవాడు. ప్రేమతో చేసేదే గానీ ఫలితం దాదాపు శూన్యం. సెల్ఫ్ కొట్టినప్పుడు మోటారు కొద్ది సెకన్లలోనే చాలా కరెంటు తీసుకుంటుంది. ఐడ్లింగ్‌లో ఉన్న ఇంజన్ తిరిగి ఇచ్చేది తక్కువ. అందులో హెడ్‌లైట్ కొంత, ఫ్యూయెల్ పంపు కొంత, ఇగ్నిషన్ కొంత తినేస్తాయి. మిగిలిన కాస్తా బ్యాటరీ చల్లగా ఉంటే గబుక్కున తీసుకోదు కూడా. తీసుకున్నదీ ఇచ్చిందీ చెల్లుకు చెల్లు. అంతటితో పోదు. పెట్రోలు మండితే నీటి ఆవిరి పుడుతుంది. ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తే ఆ ఆవిరి సైలెన్సర్‌లోనూ ఆయిల్‌లోనూ నీరై కూర్చుంటుంది. సైలెన్సర్ లోపలి నుంచి తుప్పు పట్టేది అందుకే. స్టార్ట్ చేయదలిస్తే రోడ్డెక్కి అరగంటైనా తిప్పి రావాలి. అది కుదరకపోతే అసలు ముట్టుకోకపోవడమే మేలు.

చేయవలసింది రెండు దారుల్లో ఒకటి. బ్యాటరీ విప్పి లోపల పెట్టుకోవడం, లేదా బండిలోనే ఉంచి దానికి తగిన ఛార్జర్ తగిలించి వదిలేయడం.

విప్పే పని గురించి కొంచెం వివరంగా చెబుతాను, చిన్నదే అయినా ఇక్కడే చేతులు కాలేది. మొదట నెగెటివ్ వైరు విప్పాలి, తరవాతే పాజిటివ్. బండి ఛాసిస్ మొత్తం నెగెటివ్‌కు కలిపి ఉంటుంది. ముందు పాజిటివ్ విప్పబోతే, చేతిలోని పానా జారి ఛాసిస్‌కు తగిలిందంటే బ్యాటరీ మొత్తం ఆ పానా గుండా షార్ట్ అవుతుంది. నిప్పురవ్వలు ఎగురుతాయి, పానా ఎర్రబడేంత వేడెక్కుతుంది. ముందే నెగెటివ్ విప్పేస్తే ఇక ఛాసిస్‌కూ బ్యాటరీకీ సంబంధం ఉండదు, పానా ఎక్కడ తగిలినా ఏమీ కాదు. తిరిగి బిగించేటప్పుడు సరిగ్గా తలకిందులు, పాజిటివ్ ముందు, నెగెటివ్ ఆఖరు. బండి బ్యాటరీల టెర్మినల్ గూట్లో చిన్న చదరపు నట్టు విడిగా కూర్చుని ఉంటుంది. బోల్టు విప్పగానే అది జారి కిందికి పడిపోతుంది, తిరిగి బిగించేటప్పుడు బోల్టుకు అందదు. నట్టు కింద పల్చటి స్పాంజి ముక్క దోపితే అది పైకి లేచి బోల్టు కోసం నిలబడి ఉంటుంది. నా పక్కింటాయన తన జేబులోంచి అలాంటి ముక్క తీసి ఇచ్చాడు. ఇప్పటికీ అదే వాడుతున్నాను.

టెర్మినల్ మీద తెల్లగానో పచ్చగానో చిలుము పట్టి ఉంటే గోరువెచ్చటి నీళ్లలో వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో తోమి, పొడిగుడ్డతో తుడిచి, బిగించాక పైన కాస్త వాజిలైన్ రాస్తే చాలు. మూతలున్న పాత రకం బ్యాటరీ అయితే సోడానీళ్లు లోపలికి పోకుండా చూసుకోవాలి. అందులో నీటి మట్టం కూడా చూడాలి. ప్లేట్లు బయటపడి ఉంటే అవి మునిగేదాకా డిస్టిల్డ్ వాటర్ పోసి ఛార్జింగ్ పెట్టి, పై గీత దాకా నింపడం మాత్రం ఛార్జింగ్ అయ్యాకే చేయాలి. ముందే నింపితే ఛార్జింగ్‌లో పొంగి యాసిడ్ బయటికొస్తుంది. కుళాయి నీళ్లు పోయకూడదు, వాటిలోని లవణాలు ప్లేట్లను పాడుచేస్తాయి. ఆవిరైపోయేది నీరే కాబట్టి మళ్లీ యాసిడ్ కూడా పోయకూడదు.

విప్పిన బ్యాటరీని పిల్లలకు అందని చోట, పొడిగా, చల్లగా ఉన్నచోట పెట్టాలి. సిమెంటు గచ్చు మీద పెడితే కరెంటు భూమిలోకి పోతుందని ఇక్కడ అమెరికన్లు కూడా అంటుంటారు. పూర్వం బ్యాటరీ పెట్టెలు చెక్కతోనూ రబ్బరుతోనూ ఉండేవి, తడిసి కారేవి కాబట్టి ఆ మాట పుట్టి ఉంటుంది. ఇప్పటి ప్లాస్టిక్ పెట్టెలకు ఆ బెడద లేదు. పొయ్యి దగ్గర, నీళ్ల హీటరు మంట దగ్గర మాత్రం పెట్టకండి. ఛార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వెలువడవచ్చు. గాలాడే చోటైతే భయం లేదు, మూసిన బీరువాలో అయితే ఉంది.

పెట్టేశాక నెలకోసారి మల్టీమీటర్‌తో చూడాలి. ఛార్జింగ్ తీసిన వెంటనే చూస్తే అంకె అబద్ధం చెబుతుంది, పైపై ఛార్జి వల్ల ఎక్కువ చూపిస్తుంది. కొన్ని గంటలు ఊరుకోనిచ్చి చూడాలి. 12.7, 12.8 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు. 12.2 అంటే సగం. 12.0 అంటే పావు వంతే మిగిలినట్టు. అంకెల్లో తేడా చిన్నదే గానీ లోపల తేడా చాలా పెద్దది. ‘పన్నెండు వోల్టుల బ్యాటరీ పన్నెండు చూపిస్తోంది కదా’ అని తృప్తిపడేవాళ్లు మునిగిపోయేది ఇక్కడే. 12.5కు దిగిందంటే ఆ రాత్రికే ఛార్జింగ్ పెట్టేయాలి. చల్లటి చోట ఉంచితే చలికాలం మొత్తానికి ఒకటో రెండో సార్లు పెట్టవలసి వస్తుందంతే.

రెండో దారి ఛార్జర్ తగిలించి వదిలేయడం. ఇక్కడ ఛార్జరు రకం తెలుసుకోవడం ముఖ్యం. పాతకాలం ట్రికిల్ ఛార్జర్ బ్యాటరీ నిండినా నిండకపోయినా కొద్ది కరెంటు పంపుతూనే ఉంటుంది. రెండు రోజులైతే పర్వాలేదు. రెండు నెలలు వదిలేస్తే లోపలి నీటిని కొద్దికొద్దిగా ఆవిరి చేసి ఎండబెట్టేస్తుంది. సీల్డ్ బ్యాటరీలో మళ్లీ నీళ్లు పోసే వీలు కూడా ఉండదు. నెలల తరబడి తగిలించి ఉంచదగింది వేరే రకం. అది ముందు 14.4 వోల్టుల దాకా తీసుకెళ్లి బ్యాటరీని నింపుతుంది. నిండిందని తెలియగానే 13.2 నుంచి 13.6 మధ్యకు దిగి, అక్కడ బ్యాటరీ కోల్పోయినంత మాత్రమే ఇస్తూ కూర్చుంటుంది. నిద్రపోతున్న పిల్లాడి ఉయ్యాల ఆగకుండా తల్లి కాలితో మెల్లగా కదుపుతూ ఉన్నట్టు. అమెరికాలో బ్యాటరీ టెండర్ అనే పేరు ఈ రకానికంతటికీ వాడుకమాట అయిపోయింది. స్వీడన్ వాళ్ల సీటెక్, ఐరోపాలో ఎక్కువ కనిపించే ఆప్టిమేట్ కూడా ఇదే పని చేస్తాయి. బ్యాటరీకి ఒక చిన్న రెండు పిన్నుల కప్లర్ శాశ్వతంగా బిగించుకుంటే ప్రతిసారీ సీటు విప్పనక్కర్లేదు, ఫోన్ ఛార్జింగ్ పెట్టినట్టు గుచ్చేయడమే.

ఛార్జరు ఎంత పెద్దదైతే అంత మంచిదనుకోకండి. బ్యాటరీ ఆంపియర్ అవర్లలో పదో వంతు కరెంటు దానికి హాయి. 12 ఆంపియర్ అవర్లకు 1.2 ఆంపియర్లు, 4 ఆంపియర్ అవర్లకు 0.4. కారు ఛార్జరు పది ఆంపియర్లు కుక్కితే చిన్న బ్యాటరీ ఉడికిపోతుంది. షెడ్డులో కరెంటు లేకపోతే చిన్న సోలార్ పలక ఉన్న ఇలాంటి ఛార్జర్లు దొరుకుతాయి, పలక దక్షిణం వైపు తిరిగి ఉండాలి. మంచు కప్పేసినప్పుడు తుడవడానికి మనిషి ఉండాలి. అవేవీ కుదరని వాళ్లకు బ్యాటరీ విప్పి ఇంట్లో పెట్టుకోవడమే సులువు.

లిథియం బ్యాటరీ వేయించుకున్నవాళ్లకు ఒక మాట. అది తేలిక, తనంతట తాను దిగడం కూడా చాలా తక్కువ. నిలవకు మంచిదే. కానీ సున్నా కంటే చల్లగా ఉన్నప్పుడు దాన్ని ఛార్జి చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది. దాన్ని లోపలికి తెచ్చి గది వేడికి రానిచ్చాకే ఛార్జి చేయాలి, అదీ లిథియం కోసం చేసిన ఛార్జర్‌తో. సీసం బ్యాటరీ ఛార్జర్లలో సల్ఫేషన్ విడగొట్టే విధానం ఒకటుంటుంది, అది లిథియంకు పనికిరాదు.

దిగిపోయిన బ్యాటరీ తిరిగి లేస్తుందా అని అందరూ అడుగుతారు. ఉబ్బలేదు, పగల్లేదు, దిగిపోయి వారమో పదిరోజులో అయింది అంటే నెమ్మదిగా ఛార్జింగ్ పెడితే చాలావరకు లేస్తుంది. నెలల తరబడి ఖాళీగా ఉంటే ఆశ తక్కువ. రాత్రంతా ఛార్జింగ్ పెట్టి, మర్నాడంతా ఊరుకోనిచ్చి చూసినా 10.5 దగ్గరే ఆగిందంటే ఆరు గదుల్లో ఒకటి పోయిందని అర్థం. 12.6లోంచి ఒక గది 2.1 తీసేస్తే మిగిలేది అంతే. ఆ బ్యాటరీ మీద ఇంకో గంట కూడా ఖర్చు పెట్టనక్కర్లేదు. బాగానే లేచిందనుకుంటే, బండికి బిగించి స్టార్ట్ చేసి, రేజ్ చేస్తూ టెర్మినల్స్ మీద వోల్టులు చూడండి. 14 చుట్టుపక్కల ఉండాలి. 13 దాటకపోతే తప్పు బ్యాటరీది కాదు, బండి ఛార్జింగ్‌ది. కొత్త బ్యాటరీ వేసినా అదే గతి పడుతుంది.

మన ఊళ్లలో ప్రతి ఇంట్లోనూ తగిలించి వదిలేసే ఛార్జర్ కొనుక్కోమని చెప్పను. కానీ కొడుకు బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉంటే అతని బండి తండ్రి ఇంట్లో ఏడాదికి పది నెలలు నిలబడి ఉండటం తెలుగు ఊళ్లలో మామూలే. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక చాలా బండ్లు ఫ్యూయెల్ ఇంజెక్షన్‌కు మారాయి. కిక్కర్ లేని బండ్లూ ఎక్కువయ్యాయి. వాటిలో బ్యాటరీ పూర్తిగా దిగిపోతే పంపు పనిచేయదు, తోసి స్టార్ట్ చేద్దామన్నా కుదరదు. కనీసం నెగెటివ్ వైరు ఊడదీసి టేపు చుట్టి పెడితే సగం నష్టం ఆగుతుంది. దానికి పైసా ఖర్చు లేదు, ఐదు నిమిషాల పని. రెండు నెలలకోసారి బ్యాటరీ షాపులో ఛార్జింగ్ పెట్టించండి. ఇచ్చేటప్పుడు ఒక్క మాట చెప్పండి: బండి బ్యాటరీ, నెమ్మదిగా పెట్టండి, లారీ బ్యాటరీలతో కలిపి లైన్లో పెట్టొద్దు అని. పెద్ద బ్యాటరీలతో వరుసలో కలిపితే వాటికి వెళ్లే కరెంటే దీని గుండా కూడా వెళుతుంది. తిరుపతి దగ్గర కరకంబాడిలో తయారయ్యే మంచి బ్యాటరీ అయినా అలాంటి ఒక రాత్రికి తట్టుకోలేదు.

ఆ తరవాతి నవంబరులో అలారం పీకేశాను. కొత్త బ్యాటరీని విప్పి ఇంటి బేస్‌మెంట్‌లో పైఅరలో పెట్టాను. అరకు అంటించిన కాగితం మీద ప్రతి నెలా మొదటి ఆదివారం అంకె రాసేవాణ్ని. 12.82, 12.79, 12.76, 12.74. ఫిబ్రవరి ఆదివారం ఆ అంకె రాశాక గుంటూరుకు వీడియో కాల్ చేశాను. నేను చెప్పినట్టే మా బావమరిది కొత్తగా కొన్న మల్టీమీటర్ తెచ్చి వరండాలో బండి సీటు తీశాడు. ఎర్ర తీగ పాజిటివ్‌కు, నల్ల తీగ నెగెటివ్‌కు ఆనించి ఫోన్‌ను డిస్‌ప్లే మీదికి వంచాడు.

‘పన్నెండు పాయింటు రెండు ఐదు చూపిస్తంది బావా. బాగున్నట్టేగా?’

‘సగానికొచ్చింది. ఎండలు ముదరకముందే విప్పి షాపులో ఇచ్చిరా. ముందు నల్లవైరు విప్పు.’

‘నల్లవైరే ముందు. గుర్తుంది’ అని ఫోన్‌ను కిటికీ ఊచలకు ఆనించి పెట్టి, పానా కోసం లోపలికి వెళ్లాడు.